గంటకి తొమ్మిది వందలు, బూటు నిండా రబ్బరు

నాది ఒడిశా పర్లాకిమిడిలో పంక్చర్ షాపు. టైర్లు మార్చడం, ట్యూబులు అతకడం, గాలి కొట్టడం, 22 ఏళ్లుగా ఇదే పని. అంతకుముందు, పొట్ట ఇంత లేని రోజుల్లో, గోల్‌కీపర్‌ని. ఈ రెండు సంగతులూ ముందే చెప్తున్నది గొప్పకి కాదు. మా ఊరి చివర పొలాల మధ్య కొత్తగా వేసిన టర్ఫ్ గురించి, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన ఫుట్‌బాల్ చోటు గురించి రాద్దామని కూర్చున్నాను, ఆ టర్ఫ్‌లో పోసింది సగం నా షాపు సరుకే, పాత టైర్ల రబ్బరు. మొదటి రోజు గేటు దాటగానే గుప్పున కొట్టిన వాసనకి మావాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం మిట్టమధ్యాహ్నం షాపు వెనక పాత టైర్ల గుట్ట దగ్గర నిలబడ్డట్టుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, కాబట్టి మాట్లాడినట్టే రాసేస్తాను, తప్పులుంటే సర్దుకోండి.

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా పద్నాలుగు సార్లు ఆడాను. ప్రతిసారీ డబ్బులిచ్చే ఆడాను. ఆ టర్ఫ్ పేరు మాత్రం రాయను. మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు, బయటివాళ్లకి దాంతో పనిలేదు. మీ ఊళ్లోనూ ఇలాంటిదొకటి లేచే ఉంటుంది, ఇందులో సగం మాటలు దానికీ సరిపోతాయి.

చోటు చూస్తే సుమారు 110 అడుగుల పొడుగు, 60 అడుగుల వెడల్పు. చుట్టూ, పైనా నెట్. ఆరుగురు ఒక వైపు, ఆరుగురు ఇంకో వైపు. పగలు గంటకి 700, సాయంత్రం ఆరు దాటితే 900, ఆదివారం ఏ వేళైనా 1000. సాయంత్రం 900ని పన్నెండు మంది పంచుకుంటే తలా 75 రూపాయలు, ఒక సినిమా టికెట్ కన్నా తక్కువే. బంతి అద్దె 50 వేరే. వాట్సాప్‌లో టైము అడగాలి, సగం ఫోన్‌పే చెయ్యాలి. గేటు దగ్గర ఉండే కుర్రాడిది మోహన అనే ఊరి వైపు. మంచివాడే, కానీ ఏది అడిగినా "టికే రుహంతు" అంటాడు. ఒడియాలో కాస్త ఆగండి అని. మనకి ముందు క్రికెట్ వాళ్లు ఆడుతుంటే ఆ కాస్త పావుగంట అవుతుంది, మన గంటలోంచే పోతుంది. మొదటి మూడు సార్లు ఊరుకున్నాం. నాలుగోసారి నుంచి ఫోన్లో టైము చూపించి అవతలివాళ్లని బయటికి నడిపిస్తున్నాం.

మొదటిసారి వెళ్లింది ఏప్రిల్లో, ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి. అదే మా బుద్ధి తక్కువ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూలు టీంలో వెనక ఆడుతుంది, దాన్నీ తీసుకెళ్లాను. వామప్‌కి నాలుగు రౌండ్లు కొట్టి వచ్చి, "నాన్నా, బూటు లోపల కాళ్లు కాలుతున్నాయి" అంది. నేను వంగి అరచెయ్యి ఆనించాను. బరంపురం నుంచి ఆగకుండా వచ్చిన లారీ టైరు మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది, మూడు లెక్కపెట్టేలోపు తీసేశాను. అందులో వింతేమీ లేదు. నల్ల రబ్బరు ఎండ తాగుతుంది, ప్లాస్టిక్ పోగు ఆ వేడిని వదలదు. గట్టి ఎండలో ఇలాంటి నేల 60 డిగ్రీలు దాటడం మామూలే. పక్కనే గట్టు మీద ఉన్న పచ్చగడ్డిని ముట్టుకుని చూశాను, చల్లగా కాకపోయినా కాలడం లేదు. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి గడ్డి తనని తాను కాపాడుకుంటుంది. ప్లాస్టిక్‌కి ఆ ఉపాయం లేదు.

గేటు కుర్రాడు పైపు తెచ్చి నీళ్లు కొట్టాడు. ఇరవై నిమిషాలు బాగుంది. తర్వాత కింద నుంచి ఆవిరి మొదలైంది, ఇడ్లీ పాత్రలో నిలబెట్టినట్టు ఉక్క. ఆ రోజు గంట పూర్తి కాకుండానే బయటికొచ్చేశాం.

నీళ్ల దగ్గర మా బావతో చిన్న వాదన కూడా అయింది. ఒడిశాలో టర్ఫ్ అంటే ముందు గుర్తొచ్చేది హాకీ. 2018లో, 2023లో ప్రపంచకప్‌లు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో చూసినవాళ్లం, రెండోసారి రూర్కెలాలో బిర్సా ముండా స్టేడియం కూడా చేరింది. అక్కడ ఆటకి ముందు నీళ్లు కొడతారు కదా, ఇక్కడ కొడితే తప్పేంటి అంటాడు మా బావ. తప్పని కాదు, అది వేరే వస్తువు. హాకీ టర్ఫ్ పొట్టి పోగుల తివాచీ, అందులో రబ్బరు ఉండదు. బంతి నేలకి అంటుకుని జారాలని నీళ్లు కొడతారు. ఒలింపిక్స్‌లో హాకీ ప్లాస్టిక్ మీదికి ఎక్కింది 1976 మాంట్రియల్‌లో, ఆ ఏడు మనవాళ్లు ఏడో స్థానంలో దిగబడ్డారు కూడా. ఫుట్‌బాల్‌లో బంతి లేవాలి, పడాలి, మనిషి పక్కకి దూకి జారాలి. అందుకని పోగు పొడుగ్గా ఉంటుంది, మధ్యలో మెత్తదనానికి ఏదో ఒకటి పొయ్యాలి. ఆ ఏదో ఒకటే నా పాత టైర్లు.

అసలు ప్లాస్టిక్ గడ్డికి పేరొచ్చిందే ఒక పొరపాటు సర్దుకోవడంతో. అమెరికాలో హూస్టన్‌లో 1965లో ఆస్ట్రోడోమ్ అని పైకప్పు ఉన్న స్టేడియం కట్టారు. లోపల గడ్డి బతకాలని కప్పులో వెలుతురు దిగే పలకలు పెట్టారు. ఆ మిరుమిట్లకి బేస్‌బాల్ వాళ్లకి పైకి లేచిన బంతి కనపడలేదు. పలకలకి రంగు పూశారు. బంతి కనపడింది, గడ్డి చచ్చింది. 1966లో ప్లాస్టిక్ తెచ్చి పరిచారు. ఇంగ్లండ్ లీగ్‌లో మొదట 1981లో లండన్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ వాళ్లు వేశారు. పల్చటి తివాచీ, కింద గట్టి నేల, బంతి రబ్బరు బంతిలా లేచేది. లూటన్, ఓల్డమ్, ప్రెస్టన్ వాళ్లూ వేసి చూశారు. 1994లో ప్రెస్టన్ వాళ్లు కూడా పీకేయడంతో ఆ ముచ్చట తీరింది. ఇప్పుడు మన ఊళ్లలో వేస్తున్నది ఆ రకం కాదు, దాని మనవడి వరస. పోగు 40 నుంచి 60 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అడుగున ఇసుక, దానిమీద రబ్బరు గుళ్లు. పూర్తి సైజు మైదానానికి ఈ రబ్బరు దాదాపు వంద టన్నులు పడుతుంది. వేలకొద్దీ టైర్లు అన్నమాట.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, ఆ రబ్బరు ఎంత లోతుందన్నదే టర్ఫ్‌కి ప్రాణం. డబ్బులు కట్టే ముందు మనం చూడాల్సింది లైట్లూ నెట్లూ కాదు, అది.

మేలో ఒక రోజు షాపు నుంచి నేరుగా వెళ్లాను. జేబులో ట్రెడ్ గేజ్ ఉండిపోయింది. టైరు గాడి ఎంత అరిగిందో చూసే పరికరం, పెన్ను అంత ఉంటుంది, చివర సన్నటి సూది. మావాళ్లు బూట్లు కట్టుకుంటుంటే సరదాకి మూలన కార్నర్ దగ్గర గుచ్చాను. 26 మిల్లీమీటర్లు దిగింది. బాగుంది అనుకున్నాను. మధ్య గీత దగ్గర 18. గోల్ ముందు, అంటే నేను దూకాల్సిన చోట, 7. ఇంకొంచెం ఇవతల, క్రికెట్ వాళ్లు వికెట్లు పెట్టే చోట, సూది ఇలా పెట్టగానే టక్కుమని ఆగింది. 4. అక్కడ పోగులు నిలబడి కూడా లేవు, దువ్విన తలలా ఒక పక్కకి పడుకున్నాయి. వేలితో లేపితే లేస్తున్నాయి, వదిలితే పడుకుంటున్నాయి. లారీ టైరు ఈ స్థితిలో షాపుకొస్తే నేను ఓనరుకి రెండో మాట చెప్పను, తీసెయ్యమంటాను.

ఇది క్రికెట్ చేసిన పని. పేరుకి ఫుట్‌బాల్ టర్ఫ్ గానీ పది బుకింగుల్లో ఏడెనిమిది బాక్స్ క్రికెట్ వాళ్లవే. బ్యాట్స్‌మన్ ఒకే చోట నిలబడి కాలు గీకుతాడు, బౌలర్ ఒకే చోట దిగుతాడు. రబ్బరు అక్కడ్నించి పక్కలకి తన్నుకుపోతుంది. వాళ్లని అనడానికి లేదు, టర్ఫ్ బతికేదే వాళ్ల డబ్బుల మీద. కానీ వారానికొకసారి చీపురు పట్టి ఆ రబ్బరుని తిరిగి మధ్యకి తోయాలి, పోగుల్ని దువ్వాలి, తక్కువైన చోట కొత్తది పొయ్యాలి. పద్నాలుగు సార్లలో ఒక్కసారి కూడా అక్కడ చీపురు కదలడం నేను చూడలేదు. కట్టినప్పుడు దాన్ని అమ్మినవాడు "మెయింటెనెన్స్ లేదు" అని చెప్పుంటాడు. మెయింటెనెన్స్ లేని టైరు కూడా నేనింతవరకు చూడలేదు.

గేజ్ చాలదని బంతి పరీక్ష కూడా పెట్టాను. అద్దెకిచ్చే బంతిలో గాలి చూస్తే 17 పౌండ్లుంది. రూలు ప్రకారం 8.5 నుంచి 15.6 లోపు ఉండాలి. ఎవరో బైకు టైరుకి కొట్టినట్టు కొట్టేశారు, తలతో కొడితే వారం దాకా గుర్తుండేది. తొమ్మిదికి దించాను. తర్వాత మా అమ్మాయిని కుర్చీ ఎక్కించి రెండు మీటర్ల ఎత్తు నుంచి వదలమన్నాను, గోల్ పోస్టు మీద టేపుతో గుర్తులు పెట్టుకున్నాను. ఫిఫా, అంటే ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం, సర్టిఫికెట్ కావాలంటే ఆ ఎత్తు నుంచి పడ్డ బంతి 60 సెంటీమీటర్ల కన్నా తక్కువ లేవకూడదు, మీటరు దాటకూడదు. కార్నర్ దగ్గర 80 అటూ ఇటూ లేచింది. గోల్ ముందు మీటరూ పావు. ఇదేమీ లాబొరేటరీ పరీక్ష కాదు, మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక రెండుసార్లు బంతిని తోసేసింది కూడా. అయినా తేడా కళ్లకే కనపడుతోంది. ఒకే నేల మీద రెండు ఊళ్లు. అడ్డంగా వచ్చిన మామూలు బంతి నా చేతుల ముందు పడి భుజం మీదుగా ఎందుకెళ్లిపోతోందో ఆ రోజు అర్థమైంది. అంతకుముందు వయసు మీద నెట్టేసుకున్నాను.

ఇక దెబ్బ. జూన్ మొదటి వారం, ఎడమ పక్కకి తక్కువ ఎత్తులో వచ్చిన బంతికి దూకాను. బంతి ఆపాను. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా, తొడ పక్కన అరచెయ్యంత మేర చర్మం లేచిపోయింది. రక్తం పెద్దగా రాదు, తడి తడిగా ఎర్రగా ఉంటుంది, కాలిన గాయం లాగే. నిజానికి అది కాలడమే, ప్లాస్టిక్ మీద రాపిడికి. ఇంటికెళ్లి చెంబుడు నీళ్లు పోసుకునేసరికి వీధి వీధంతా వినపడేలా అరిచాను. రాత్రి లుంగీ అంటుకుపోయింది, పొద్దున్న తడిపి విడదీయాల్సొచ్చింది. మన మట్టి గ్రౌండులో దెబ్బలు తగలవా అంటే తగులుతాయి. నా కుడి మోకాలి మీద ఉన్న మచ్చ అక్కడి గాజుపెంకుది. కానీ ఒక రాయి ఒక చోట గీస్తుంది, ఇది మొత్తం తోలు వొలుస్తుంది. గోల్‌కీపర్లకి నా సలహా ఒకటే: నిండు చేతుల చొక్కా, లోపల మోకాళ్ల దాకా బిగుతు నిక్కరు. ఎండాకాలంలో కూడా.

2015 మహిళల ప్రపంచకప్ కెనడాలో ప్లాస్టిక్ మీద పెడతామన్నప్పుడు అమెరికా ఆటగత్తె యాబీ వాంబాక్‌తో పాటు చాలామంది కెనడాలో ఫిర్యాదు చేశారు. మగవాళ్లకి గడ్డి, మాకు ప్లాస్టిక్కా అని. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు, ఆట ప్లాస్టిక్ మీదే జరిగింది. 2026 మగవాళ్ల ప్రపంచకప్‌కి మాత్రం, మామూలుగా ప్లాస్టిక్ ఉండే అమెరికా స్టేడియాల్లో కూడా గడ్డే వెయ్యాలని ఫిఫా పట్టుబట్టింది. మా అమ్మాయికి ఇది చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే వాళ్లకి తెలుసన్నమాట" అంది.

రబ్బరు సంగతి మా ఆవిడ పక్షం నుంచి కూడా చెప్పాలి. మొదటి వారం ఇల్లు ఊడుస్తూ చేటలో నల్లగా చూసి, "ఇవేటి, చీమలా? ఇన్ని చచ్చేయి?" అంది. చూస్తే రబ్బరు గుళ్లు. బూట్లో, సాక్సుల్లో, చెవిలో, దుప్పట్లో. ఒకసారి మా అమ్మాయి జడలోంచి రాలి పెరుగన్నంలో పడింది. అప్పటినుంచి బూట్లు వీధరుగు మీద దులపందే గడప దాటనివ్వడం లేదు. నవ్వుకున్నాను గానీ ఆవిడ చెప్పిందే సరైనది. ఈ గుళ్ల వల్ల క్యాన్సర్ వస్తుందని కొన్నేళ్ల క్రితం గోల పుట్టింది. యూరప్ రసాయనాల ఏజెన్సీ 2017లో పరిశీలించి, ప్రమాదం చాలా తక్కువని, ఆడడం మానక్కర్లేదని చెప్పింది. చెబుతూనే, ఆడాక చేతులు కడుక్కోండి, గాయాలు శుభ్రం చేసుకోండి, బూట్లూ బట్టలూ ఇంట్లోకి తేకుండా దులుపుకోండి అని కూడా చెప్పింది. మా ఆవిడ ఏ ఏజెన్సీనీ అడగలేదు. మనుషుల మాట అలా ఉంచితే, ఆ గుళ్లు వానకి కాలవలోకీ పొలాల్లోకీ కొట్టుకుపోవడం ఇంకో తలనొప్పి. యూరప్‌వాళ్లు 2023లో చట్టం తెచ్చి, ఇలాంటి గుళ్ల అమ్మకం 2031 నుంచి ఆపేస్తున్నారు. మన టర్ఫ్ పక్క గట్టు మీద వానాకాలం చివర నల్లటి చార ఒకటి కనపడింది, దాని అవతల వరిచేను. ఆ రైతు ఇంకా చూసుకున్నట్టు లేదు.

ఇంత తిట్టాక, మళ్లీ ఎందుకు వెళ్తున్నావు అని మీరు అడగొచ్చు. జూలై వల్ల.

మా ఊరి మైదానం గురించి అబద్ధం చెప్పను. దాన్ని గడ్డి మైదానం అనడం అలవాటు మాట. రెండు గోల్‌పోస్టుల ముందూ, మధ్యలోనూ ఒట్టి మట్టి. పక్కల మాత్రం గరిక ఉంది, గరికతో పాటు పల్లేరుకాయలున్నాయి. వినాయక చవితికి మా అమ్మ అక్కడ్నించే గరిక తెస్తుంది. ప్రపంచంలో వేడి దేశాల స్టేడియాల్లో వేసే బెర్ముడా గడ్డి అంటే ఇదే జాతి, పెంచిన రకాలు వేరే గానీ వంశం ఒకటే. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో 2011లో ప్లాస్టిక్ వేసి, 2017 అండర్-17 ప్రపంచకప్ వస్తోందని దాన్ని పీకి మళ్లీ వేసింది ఈ బెర్ముడానే. అంటే దేవుడికి పెట్టే గరికా, ప్రపంచకప్ గరికా దాయాదులు. మాదానికి లేనిదల్లా నీళ్లు పెట్టేవాడు, కోసేవాడు, ఆడకుండా నాలుగు రోజులు వదిలేసేవాడు. గడ్డికి విశ్రాంతి కావాలి. వారానికి ఇరవై గంటలు దాటి తొక్కితే మంచి గడ్డి కూడా తట్టుకోదు. మాదాని మీద పొద్దున్న వాకింగు వాళ్లు, పగలు ఆవులు, సాయంత్రం నాలుగు టీముల క్రికెట్, రెండు టీముల ఫుట్‌బాల్, ఏడాదికి రెండు మూడు సార్లు ఎగ్జిబిషన్లూ మీటింగులూ. డేరా గుంజల కోసం తవ్విన గుంతలు ఎవరూ పూడ్చరు. మా తమ్ముడి మడమ అలాంటి గుంతలోనే మెలిపడింది.

జనవరిలో మాత్రం ఆ మైదానాన్ని మించింది లేదు. పొద్దున్న ఆరింటికి మంచుకి తడిసి, అడుగు మెత్తగా, దూరంగా కొండలు నీలంగా. పక్కల గరిక మీద దూకితే ఒంటికి పచ్చ మరక తప్ప ఏమీ అంటదు. బూటు కాస్త జారుతుంది, నేల కాలిని వదులుతుంది. టర్ఫ్ మీద కాలు గుచ్చుకుని ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం తిరిగిపోతుంది, మోకాలు మధ్యలో ఇరుక్కుంటుంది. నలభై దాటినవాడికి ఆ తేడా రాత్రి పడుకున్నాక తెలుస్తుంది.

కానీ జూలై వస్తే ఆ మైదానం చెరువు. గోల్ ముందు గేదె పడుకుని ఉంటుంది, దాన్ని లేపే ధైర్యం ఎవరికీ ఉండదు. బురదలో ఆడడం కుర్రాళ్లకి సరదాయే, కాదనను. ఆ తర్వాత ఎండ కాస్తే ఆ అడుగుజాడలే రాళ్లలా గట్టిపడి సెప్టెంబర్ దాకా కాళ్లు విరగ్గొడతాయి. ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం నలభై నిమిషాలు కుండపోత. టర్ఫ్ గేటు దగ్గర రేకు కింద నిలబడి డబ్బులు పోయాయనుకున్నాం. వాన తగ్గింది. పావుగంటలో నీళ్లు కిందికి దిగిపోయాయి. అడుగు వేస్తే చిత్తడి లేదు, బంతి ఆగడం లేదు. వేడి లేదు, రబ్బరు తడిసి చర్మాన్ని కూడా తక్కువ గీకింది. లైట్ల కింద వాన వాసన, టైర్ల వాసన కలిసి ఏదోలా ఉన్నా, ఆ గంట గురించి నేను ఒక్క ఫిర్యాదు కూడా చెప్పలేను. మా ఊళ్లో ఆగస్టు రాత్రి ఎనిమిదింటికి ఫుట్‌బాల్ ఆడడమన్నది నా చిన్నప్పుడు ఎవరైనా అంటే నవ్వేవాళ్లం.

ఆ నెలలోనే కొండ మీద నుంచి సవర కుర్రాళ్ల టీం ఒకటి వచ్చింది, మాతో ఫ్రెండ్లీ. ఇద్దరికి బూట్లు లేవు, ఒట్టి కాళ్లే. వాళ్లు ఆడేది కొండవాలు చేలల్లో, బంతి కిందికి దొర్లిపోకుండా కాపాడుకోవడం అక్కడ సగం ఆట. మొదటి పది నిమిషాలు వాళ్లకి పాస్ కుదరలేదు, బంతి ముందుకి పరిగెడుతోంది. వాళ్ల కెప్టెన్ నా దగ్గరికొచ్చి ఒడియాలో, "ఇక్కడ నేల బంతిని పట్టుకోదా?" అని అడిగాడు. పట్టుకోదన్నాను. అంతే, పాస్ బరువు తగ్గించారు. మిగతా అరగంటలో నాకు ఆరు గోల్స్ పెట్టారు. అందులో రెండు ఆ 7 మిల్లీమీటర్ల చోట పడి లేచినవని నేను ఇప్పటికీ అంటాను. మిగతా నాలుగింటికి గేజ్ అక్కర్లేదు.

కరెంటు గొడవ కూడా రాసేస్తాను. ఆగస్టు చివర్లో ఆట మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద సగం లైట్లే వెలిగాయి, అదీ అవతలి గోల్ వైపు. చీకట్లో నా వైపు బంతి కొట్టొద్దని బతిమాలాల్సొచ్చింది. ఇరవై నిమిషాలు పోయాయి. డబ్బులు తగ్గించమంటే ఓనరు ముందు కాదన్నాడు, తర్వాత వచ్చేసారి అరగంట ఎక్కువ ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. కుర్రవాడే, మాట మీద నిలబడ్డాడు. గోల్ దగ్గర రెండు తివాచీలు కలిసే అతుకు లేచి బూటు ముక్కు ఇరుక్కుంటోందని చెప్తే మాత్రం "రేపు" అన్నాడు. మూడు రేపులు గడిచాక నేనే షాపు నుంచి సొల్యూషన్ డబ్బా తీసుకెళ్లి అతికేశాను. ట్యూబ్ అతకడం కన్నా సులువు. ఇప్పటికీ ఊడలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి: మార్చి నుంచి జూన్ సగం దాకా పొద్దు గూకకముందు వెళ్లొద్దు, పిల్లల్ని అసలు తీసుకెళ్లొద్దు. వానాకాలంలో రాత్రి ఏడు తర్వాత కళ్లు మూసుకుని వెళ్లండి. చలికాలం పొద్దున్న అయితే మైదానానికే రండి, ఊరికే వస్తుంది, నేనూ అక్కడే ఉంటాను. పొడుగు స్టడ్లు వద్దు, అడుగున చిన్న చిన్న బొడిపెలుండే టర్ఫ్ బూట్లు వేసుకోండి. బంతి మీదే తెచ్చుకోండి, గాలి తొమ్మిది. దారిలోనే నా షాపు, బంతికి డబ్బులు తీసుకోను. టర్ఫ్ బయట ఘుగుని (బఠాణీ కూర), బరా (గారెలు) అమ్మే ముసలావిడ బండి ఉంటుంది, ఆవిడకి నేను అయిదుకి అయిదు ఇస్తాను. టర్ఫ్‌కి ఆగస్టులో నాలుగు, ఏప్రిల్లో ఒకటి.

పోయిన వారం గేజ్ లెక్కలు ఒక కాగితం మీద రాసి ఓనరుకి ఇచ్చాను. 26, 18, 7, 4. ఏ లెక్క ఏ చోటుదో బొమ్మ కూడా గీశాను. శ్రద్ధగా చూశాడు. కొత్త రబ్బరు ఎంత అవుతుందో ఫోన్ చేసి కనుక్కున్నాడు, మొహం మాడ్చుకున్నాడు. కాసేపాగి, "అన్నా, నీ షాపు వెనక పాత టైర్లు పడున్నాయి కదా, మనమే ముక్కలు కొట్టి పోసేద్దామా?" అన్నాడు.

"ఒరే బాబూ, అందులో స్టీలు తీగలుంటాయిరా" అన్నాను.

"ఏరేస్తే?" అన్నాడు.

శనివారం ఏడింటికి సగం అడ్వాన్సు కట్టి వచ్చేశాను.